అరికాలి దిష్టిచుక్క

మా పెద్దొదినకి కుళ్ళు ఎక్కువ అని ఇంకెవరైనా అంటే నేను ఊరుకోను. ఆ మాట అనే హక్కు నా ఒక్కదానిది. ఆడపడుచుని కాబట్టి అంటాను. తను నా మొహం మీదే "అవునే మంగా, ఉంది. ఏటి సెయ్యమంటావు?" అని ఒప్పుకుంటుంది కాబట్టి అంటాను. మిగతావాళ్ళకి లేదా కుళ్ళు? లోపల దాచుకుని పైకి పళ్ళికిలించేవాళ్ళని అబిద్ సెంటర్ నుంచి బస్ కాంప్లెక్స్ దాకా ఎంతమందినైనా చూపిస్తాను, రండి నాతో.

ఇవాళ మా నర్సీపట్నంలో ఏ బడి పిల్లలు రోబో పోటీకి సిద్ధమైనా, మాస్టర్లు ముందు అడిగేది "పుష్పవతిగారొస్తున్నారా?" అని. రోబో లోపల ఏ తీగ ఎక్కడికి పోతుందో మా వదినకి ఇప్పటికీ తెలియదు. కానీ హాలు మాట్లాడ్డం, బల్లలు తెప్పించడం, కరెంటు పోతే జనరేటరు వాడి ప్రాణం తియ్యడం, ఓడిపోయి మూల కూచుని ఏడ్చే పిల్లల్ని బుజ్జగించి అన్నం తినిపించడం, ఇవన్నీ తనే. పైసా ఆశించదు. ఖరీదైన బట్టలు కట్టుకుని వచ్చే ముఖ్య అతిథుల్ని కూడా "సెప్పులిప్పీసి రండి బాబూ, ఆ తెల్ల ఫ్లెక్సు మీద రోబోలు నడవాలి, మట్టి పడకూడదు" అని గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. ఇదంతా ఎలా మొదలైందో, మొదలైన రోజునే ఎలా మునిగిపోబోయిందో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

పుష్పవతి పుట్టిల్లు ఎస్. రాయవరం దగ్గర పల్లె. వరి, కాస్త జీడితోట ఉన్న రైతుల ఇల్లు. పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైంది. వాళ్ళన్న చినబాబు తప్పి తప్పి ఎలాగో గట్టెక్కాడు. అతన్ని ఎలమంచిలి కాలేజీకి పంపి కొత్త సైకిలు కొనిచ్చారు. ఈవిడని జీడిగింజలు ఒలవడానికి కూచోబెట్టారు. ఆ సైకిలు వాకిట్లోకి వచ్చిన రోజు పుష్పవతి దాన్ని చుట్టూ తిరిగి చూసి "ఎంత బాగుందో!" అందట. మర్నాడే చినబాబు సైకిలుతో సహా కాలవలో పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఇంకేముంది, వాళ్ళ నాయనమ్మ తీర్పు చెప్పేసింది: "దీని కన్ను మంచిది కాదు. నరుడి కంటికి నల్లరాయైనా పగుల్తాది." సైకిలు తొక్కడం రానివాడు కాలవలో పడితే ఈ పిల్ల కన్నేం చేసింది చెప్పండి! ఆ మాట ఊళ్ళో అందరూ మర్చిపోయారు గానీ మా వదిన మర్చిపోలేదు. మా ఇంటికొచ్చాక కూడా పక్కింటి గేదె ఈనితే తను చూడ్డానికి వెళ్ళేది కాదు. "నువ్వెల్లి సూసి రా మంగా, నాకు పనుంది" అనేది. పనీ లేదు, పాడూ లేదు.

తొంభై రెండులో మా పెద్దన్నయ్య రమణబాబుని చేసుకుని మా ఇంటికొచ్చింది. అన్నయ్యది చెరకు సాగు, బెల్లం వ్యాపారం. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. పరీక్షలప్పుడు నేను పైకి చదువుతుంటే గుమ్మానికి ఆనుకుని వినేది. "నువ్వు సదువుకో, గిన్నెలు నేను తోముతాను" అనేది. ఆ నోటితోనే "నన్ను సదివించుంటే నీకంటే బాగా సదివేదాన్ని" అనేది. గిన్నెలూ తోమింది, ఏడ్చింది కూడా. నాకు ఉద్యోగం వచ్చిన రోజు పరవాన్నం వండి నాకు పెట్టి, తను మాత్రం తలనొప్పి అని పడుకుంది.

తనకి ఒక్కతే కూతురు. మా అమ్మ వరలక్ష్మమ్మ పేరే పెట్టారు, వరాలు అని పిలుస్తాం. నేను సోషల్ టీచరుగా పనిచేసే ప్రైవేటు హైస్కూల్లోనే చదివేది. అది చిన్న క్లాసుల్లో ఉన్నప్పటి నుంచి బడిలో ఏ సైన్సు ఫెయిర్ జరిగినా మా వదిన బొడ్లో కొంగు దోపుకుని దిగిపోయేది. అట్టలు కోసేది, బల్లలు మోసేది, పక్క బడి పిల్లల మోడలు బాగుందనిపిస్తే మాత్రం మొహం తిప్పుకుని వెళ్ళిపోయేది. వరాలు ఆవిడ కొంగు పట్టుకునే తిరిగేది. "అమ్మా ఇదెలాగ, అమ్మా అదెలాగ" అని ప్రతిదీ అడిగేది. ఆ పిలుపే మా వదిన ఆస్తి.

అప్పుడొచ్చింది సత్యశ్రీ. మా తమ్ముడు సోమేశ్ భార్య. విశాఖపట్నం పిల్ల, ఎలక్ట్రానిక్సులో ఇంజనీరింగు చదివింది. మంచి పిల్ల. అదే వచ్చిన చిక్కు. చెడ్డదైతే తిట్టుకుని ఊరుకోవచ్చు, మంచిదాన్ని చూసి కుళ్ళుకోవాలంటే ఎంత కష్టమో మా వదిననడగాలి. "అక్కా, అక్కా" అంటూ వెనకే తిరిగేది. మా అమ్మ కూడా కొత్త కోడల్ని చూసి మురిసిపోయి "మా సత్యకి కంపూటరొచ్చు" అని వీధంతా చాటింది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా!

రెండువేల ఏడులో సత్యశ్రీతో చదువుకున్నవాళ్ళంతా కలిసి బడిపిల్లలకి రోబో పోటీలు పెడదామనుకున్నారు. చిన్న ఊళ్ళలో ముందు ఒక పోటీ, అందులో గెలిచిన జట్టుకి విశాఖపట్నంలో పెద్ద పోటీ. అంతా స్వచ్ఛందంగానే. నర్సీపట్నం పోటీ జరిపించే భారం సత్యశ్రీ తీసుకుంది. మా బడి తరఫున జట్టు కూడా తయారుచేస్తానంది. వరాలు, ధర్మతేజ, కన్నబాబు, ముగ్గురూ తొమ్మిదో తరగతి. కన్నబాబు పాయకరావుపేట దగ్గర సముద్రంలో వేటకి పోయేవాళ్ళ పిల్లాడు. ఇక్కడ మా వీధిలోనే వాళ్ళ మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేవాడు.

ఆ రోబో ఏమంత పెద్దది కాదు, అన్నం గిన్నె మూతంత ఉంటుంది. కింద రెండు చక్రాలు, పైన బ్యాటరీలు, తీగలు. తెల్లటి ఫ్లెక్సు మీద వంకరటింకరగా ఒక నల్లగీత ఉంటుంది. బండి చాళ్ళలో ఎద్దు నడిచినట్టు రోబో తనంతట తనే ఆ గీత తప్పకుండా చివరిదాకా వెళ్ళాలి. ఎవరిది తక్కువ సమయంలో చేరితే వాళ్ళు గెలిచినట్టు.

సాధన చేసుకోవడానికి చోటు కావాలంటే మా వదినే ముందుకొచ్చింది. ముందుగదిలో ఉన్న బెల్లం దిమ్మలన్నీ గొడ్లసావిట్లోకి మార్పించింది. మా అన్నయ్య గొణిగితే "బెల్లం ఎక్కడున్నా తీపే గాని, పిల్లలు ఎక్కడ పడితే అక్కడ సదవలేరు" అని నోరు మూయించింది. గది కడిగి, ఫ్లెక్సు పరిచి, సాయంత్రం పిల్లలు వచ్చేసరికి వేడివేడిగా బజ్జీలు వేసి సిద్ధంగా ఉండేది. తన ఇంట్లో, తన కూతురు, తన కళ్ళ ముందు. ఇంకేం కావాలి?

కానీ పిల్లలు సత్యశ్రీని "మేడమ్" అన్నారు. మా వదినని "ఆంటీ" అన్నారు. "మేడమ్, ఇది ఎందుకు తిరగట్లేదు?" "ఆంటీ, ఇంకో బజ్జీ." అదీ తేడా. మొదటి వారం మా వదిన నవ్వింది. రెండో వారం బజ్జీల్లో కారం పెరిగింది.

ఒకరోజు సత్యశ్రీ రోబోని తలకిందులు చేసి పిల్లలకి ఏదో చూపిస్తూ "అక్కా, మీరూ రండి. ఇది గీతని ఎలా చూస్తుందో చూపిస్తాను, భలే ఉంటుంది" అని కేకేసింది. మా వదిన వంటగదిలోంచి "నాకెందుకమ్మా అయ్యన్నీ? నాకు నూనె కాగిపోతంది" అంది. నేను పక్కనే ఉన్నాను. పొయ్యి మీద నూనే లేదు, పిండే లేదు. చూడాలని ప్రాణం కొట్టుకుంటున్నా సరే, సత్యశ్రీ చూపిస్తే చూడదు.

ఇంకోరోజు వరాలు జడ. పుట్టినప్పటి నుంచి ఆ పిల్ల తల మా వదినే దువ్వింది. నూనె రాసి, గట్టిగా లాగి, రెండు జడలు. ఆ రోజు పొద్దున్నే దువ్వెన పట్టుకుని కూచుంటే వరాలు రాలేదు. లేచి చూస్తే మేడ మీద సత్యశ్రీ ముందు కూచుని ఉంది. నూనె లేకుండా, వదులుగా ఒకటే పోనీటెయిల్. వదిన దువ్వెనలో చిక్కుకున్న పాత వెంట్రుకలు తీస్తూ చాలాసేపు అక్కడే కూచుంది.

ఆ సాయంత్రమే వరాలు పుస్తకం తెరుచుకుని ఏదో అర్థంకాక జుట్టు పీక్కుంటుంటే వదిన ఆశగా దగ్గరకెళ్ళి "ఏటమ్మా?" అంది. వరాలు తల ఎత్తకుండానే "నీకు తెలీదులే అమ్మా, పిన్నినడుగుతాను" అంది. అందులో పిల్ల తప్పేం లేదు, నిజంగానే తెలియదు కదా. కానీ మా వదిన పెరట్లోకి వచ్చి బియ్యం కడుగుతూ నాతో అన్న మాట నేను మర్చిపోను.

"నా పిల్ల నన్ను నీకు తెలీదులే అంది మంగా. సదువు నాకు రాకపోతే పోయింది. అత్తకి అది ముద్దు, వీధికి అది ముద్దు, పోనీలే అనుకున్నాను. నాకున్నదల్లా ఇదొక్కతే. దీన్ని కూడా అది పట్టుకుపోతే నాకేటి మిగుల్తాది? ఒళ్ళు మండిపోతందే. పడుకుంటే నిద్దర రాదు, తింటే దిగదు."

"చిన్నపిల్ల వదినా, నాలుగు రోజులు మోజు" అన్నాను.

"నాలుగు రోజులు పోయేక మా నాయన అన్నకిచ్చిన సైకిలు నాకిచ్చేడేటి?" అంది.

పోటీకి వారం ముందు మా ముందుగదిలోనే వాలంటీర్లందరూ కూచుని పనులు పంచుకున్నారు. కల్యాణమండపం మాట్లాడింది మా వదిన. టెంట్‌హౌస్ గంగుల్ని బతిమాలి బల్లలు, శామియానా ఊరికే తెప్పించింది మా వదిన. అనకాపల్లి, తుని నుంచి వచ్చే పిల్లలు చేతులు కడుక్కోవడానికి డ్రమ్ములు కూడా మా వదినే. తీరా పనులు చదివేటప్పుడు సత్యశ్రీ నవ్వుతూ "భోజనాలు అక్కకి. అక్కకంటే బాగా ఎవరు చూస్తారు?" అంది. మెచ్చుకుందామనే అంది, పాపం. జట్టు పక్కన నిలబడే పెద్దవాళ్ళకి నీలం బ్యాడ్జీ, దాని మీద మెంటార్ అని. జట్టుకి ఒక్కరే. మిగతావాళ్ళకి పసుపు బ్యాడ్జీ. మా వదిన పసుపు బ్యాడ్జీ అందుకుని కళ్ళకద్దుకుంది. అలా అద్దుకుందంటే లోపల నిప్పులు కురుస్తున్నాయని నాకు తెలుసు.

"దాని పేరు మెంటారంట" అంది నాతో, గది ఖాళీ అయ్యాక. "నాది పప్పు గరిటంట."

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఇక్కడ తోడికోడలు వెక్కిరించడానికి కాదు, ప్రేమగానే నవ్వింది. అదింకా మంట.

పోటీ రోజు తెల్లవారుజామున ఏం జరిగిందో నాకు తర్వాత తనే చెప్పింది. వదిన లేచి ముందుగదిలోకి వచ్చేసరికి ఫ్లెక్సు పక్కన చాప మీద సత్యశ్రీ, వరాలు నిద్రపోతున్నారట. చివరిదాకా ఏవో సరిచేస్తూ అక్కడే పడిపోయారు. వరాలు తల సత్యశ్రీ భుజం మీద ఉంది. చెయ్యి ఆమె మెడ చుట్టూ ఉంది. చిన్నప్పుడు వదిన పక్కలో ఎలా పడుకునేదో అలాగే.

"ఆ బొమ్మ ఆ పక్కనే బల్ల మీద కూకున్నాది మంగా. దాన్ని సూసేను. ఇది ఓడిపోతే బాగుణ్ణు అనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, అనుకున్నాను. ఇది ఓడిపోతే ఆ ముచ్చట తీరిపోద్ది, నా పిల్ల నా దగ్గరికొచ్చీద్ది అనుకున్నాను. అనుకున్నాక ఒళ్ళు జల్లుమంది. నా కన్ను అసలే మంచిది కాదు. పసిపిల్లలు రెండు నెలలు రెక్కలు ముక్కలు సేసుకుని తయారుసేసిన బొమ్మ మీద నేను కన్నేసేనేటి?"

వెంటనే వంటగదిలోకి పరుగెత్తింది. గుప్పెడు కల్లుప్పు, ఎండుమిరపకాయలు తెచ్చి రోబో చుట్టూ తిప్పింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అని మొదలుపెట్టి, "నా దిష్టి, నా దిష్టి, నా దిష్టి" అని ముగించింది. వెళ్ళి నిప్పుల్లో పోసింది. ఉప్పు చిటపటలాడింది గానీ మిరపకాయలు ఘాటు రాలేదు. ఒక్క తుమ్ము లేదు, దగ్గు లేదు. మిరపకాయలు మండినా ఘాటు రాలేదంటే దిష్టి గట్టిగా తగిలినట్టేనని మా వైపు ప్రతి ఆడదానికీ తెలుసు.

అప్పుడు వదిన చంటిపిల్లలకి చేసేదే చేసింది. కాటుక భరిణె తెచ్చింది, ఇంట్లో ఆముదంతో పట్టిన కాటుక. బుగ్గన పెడితే అందరికీ కనబడుతుంది, సత్యశ్రీ ఏమిటక్కా ఇది అని నవ్వుతుంది. కొత్తబట్టలు కట్టిన పిల్లకి బుగ్గన చుక్క ఇష్టంలేకపోతే ఏం చేస్తాం? అరికాల్లో పెడతాం. వదిన రోబోని తిరగేసింది. కింద ముందువైపు చిన్న చిన్న బుడిపెలు ఉన్నాయి, కొన్ని తెల్లవి, కొన్ని నల్లవి. ఎవరి కంటా పడకూడదని నల్లదాని మీదే చూసి ఒత్తి పెట్టింది. దండం పెట్టుకుని, రోబోని ఉన్నచోటే పెట్టేసి, స్నానానికి వెళ్ళిపోయింది.

కల్యాణమండపం పది గంటలకల్లా నిండిపోయింది. పెళ్ళికి కూడా అంతమంది రారు. విశాఖపట్నం నుంచి వచ్చిన జడ్జీలు వేదిక మీద కూచున్నారు. కింద తెల్ల ఫ్లెక్సు, దాని మీద పాములాంటి నల్లగీత. వెనకవైపు పెరట్లో కట్టెల పొయ్యిల మీద సాంబారు ఉడుకుతోంది. మా వదిన గరిట పట్టుకుని అక్కడుంది. జట్టుకి రెండు అవకాశాలు, అందులో ఏది బాగుంటే అది లెక్క. నేను పిల్లల వరసలు చూసే పనిలో హాల్లో ఉన్నాను.

మా జట్టు పేరు పిలిచారు. వరాలు రోబోని గీత మొదట్లో పెట్టి బటన్ నొక్కింది. రోబో కదిలింది. కదిలి, ముందుకు పోలేదు. కుడివైపుకి తిరిగింది. ఇంకా తిరిగింది. ఉన్నచోటే గిర్రున గానుగెద్దులా తిరగడం మొదలుపెట్టింది. హాల్లో ఎవరో నవ్వారు. ఆ తర్వాత చాలామంది నవ్వారు. జడ్జీ చెయ్యెత్తి ఆపేశాడు.

సత్యశ్రీ మొహంలో నెత్తురు లేదు. రోబోని పక్కకి తీసుకెళ్ళి బ్యాటరీలు మార్చింది, తీగలు నొక్కి చూసింది, ల్యాప్‌టాప్ తెరిచింది. "రాత్రి బాగానే ఉంది కదా, రాత్రి బాగానే ఉంది కదా" అని అదే మాట. తిరగేసి చూసింది, ఏమీ కనపడలేదు. నల్లదాని మీద నలుపు ఎవరికి కనపడుతుంది? ధర్మతేజ నేల చూపులు చూస్తున్నాడు. నాకు కోపం ఆగక నవ్విన తుని కుర్రాళ్ళ దగ్గరకెళ్ళి "మీ వంతు వస్తుంది, అప్పుడు నవ్వుదురు గాని" అని గట్టిగానే అన్నాను. నేను వాలంటీరుని, అనకూడదు. అన్నాను.

ఆ నవ్వులు విని మా వదిన గరిటతో సహా గుమ్మంలోకి వచ్చింది. అప్పుడే వరాలు పిన్ని వైపు చూసింది. పిన్నికి ఏమీ తోచడం లేదని దానికి అర్థమైంది. చుట్టూ చూసింది, గుమ్మంలో అమ్మ కనబడింది. అంతే, ఆ పిల్ల హాలంతా దాటుకుని పరుగెత్తుకొచ్చి వాళ్ళమ్మ నడుం చుట్టూ చేతులేసి, కడుపులో తల పెట్టుకుని "అమ్మా, ఓడిపోతున్నామమ్మా" అని బావురుమంది.

నేను మా వదిన మొహం చూశాను. అబద్ధమెందుకు, వెలిగిపోయింది. రెండు నెలలుగా తిండీ నిద్రా లేకుండా ఏ చేతుల కోసం ఏడ్చిందో, ఆ చేతులు తన నడుం చుట్టూ ఉన్నాయి. అవతల తోడికోడలు చెమటలు కక్కుతోంది. తెల్లారి తను కోరుకున్నది కోరుకున్నట్టు జరిగిపోయింది. వదిన కూతురి తల నిమిరింది. "ఊరుకో నా తల్లి, ఊరుకో. నేను లేనేటి?" అంది.

అప్పుడే కన్నబాబు రోబోని పట్టుకుని ఇటు వచ్చాడు. "కుడికన్ను పోయినట్టుంది అత్తా" అన్నాడు నాతో. బళ్ళో టీచరునైనా వీధిలో వాడికి వరసకి అత్తనే. "దానికెప్పుడూ నల్లగీతే కనపడతంది. అందుకే అటే తిరుగుతంది."

వదిన చెయ్యి వరాలు తల మీదే ఆగిపోయింది. "కన్నేటి? దీనికి కళ్ళెక్కడున్నాయిరా?" అంది.

"కిందే కదాంటీ. గీత కిందుంటాది కదా, మరి కళ్ళు కిందే కదా ఉండాలి. ఇవిగో, అరికాలి కాడ ఈ నల్లయ్యి." రోబోని తిప్పి చూపించాడు. సత్యశ్రీ చూపిస్తానని పిలిచిన రోజు, నూనె కాగిపోతోందని వదిన చూడని చోటు అదే.

వదిన చేతిలో గరిట నేల మీద పడింది. రెండో అవకాశానికి మమ్మల్ని పిలవడానికి ముందు ఒకే ఒక్క జట్టు మిగిలుంది. నోరు మూసుకుంటే ఏమీ జరగదు. రోబో ఓడిపోతుంది, పిల్ల ఇలాగే నడుం పట్టుకుని ఉంటుంది, సత్యశ్రీ తలొంచుకుంటుంది. ఎవరికీ ఎప్పటికీ తెలియదు. నాకూ తెలిసేది కాదు.

"సత్యా!" అని అరిచింది మా వదిన. ఆ కేకకి జడ్జీలు కూడా తిరిగి చూశారు. "ఇలా రా బేగి. దాని కంట్లో కాటుకుంది. కుడేపు నల్లదాని మీద. నేనే పెట్టేను."

సత్యశ్రీ పరుగెత్తుకొచ్చింది. వరాలు తల పైకెత్తింది. "నువ్వు పెట్టేవా? ఎందుకమ్మా?"

"దిష్టి తగలకుండా."

"ఎవరి దిష్టి?"

ఎవరిదో ఒకరిది అనెయ్యచ్చు. ఊరి దిష్టి అనెయ్యచ్చు. నేనైతే అలాగే అనేదాన్ని. మా వదిన సత్యశ్రీ మొహంలోకి చూస్తూ చెప్పింది: "నాదే. తెల్లారగట్ల మీ ఇద్దర్నీ అలా సూసి ఏడుపొచ్చింది. ఇది ఓడిపోతే బాగుణ్ణనుకున్నాను. అనుకున్నాక భయమేసింది. నా కన్ను తగులుద్దని నేనే సుక్క పెట్టేను. అది కన్నని నాకు తెల్దు."

"మేం ఓడిపోవాలనుకున్నావేటమ్మా?" అంది వరాలు. నడుం చుట్టూ ఉన్న చేతులు వదిలేసింది. ఒక అడుగు వెనక్కి వేసింది. వదిన ఆ చేతుల వైపే చూసింది గానీ పట్టుకోలేదు.

సత్యశ్రీ మందుల పెట్టెలోంచి దూది, స్పిరిట్ తెచ్చి రోబోని తిరగేసి తుడవడం మొదలుపెట్టింది. ఆముదం కాటుక అంత తొందరగా వదిలిచస్తుందా! దూది మీద దూది నల్లగా అయిపోతుంటే, వదిన పక్కన నిలబడి ఒక్కొక్క ఉండ చేసి అందించింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మా పేరు పిలిచారు.

ఈసారి కన్నబాబు పెట్టాడు. రోబో కదిలింది. మొదటి వంపు తిరిగింది, రెండో వంపు తిరిగింది. నేను నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. ఎక్కడా తడబడకుండా గీత చివరికెళ్ళి బుద్ధిగా ఆగింది. తుని వాళ్ళకంటే తక్కువ సమయంలో, అనకాపల్లి వాళ్ళకంటే తక్కువ సమయంలో. విశాఖపట్నం వెళ్ళేది మా జట్టే. నేను కుర్చీ ఎక్కి చప్పట్లు కొట్టాను.

వరాలు ఎగిరి గంతేసింది. గంతేసి, వెళ్ళి సత్యశ్రీని వాటేసుకుంది. వాళ్ళిద్దరూ అలా ఊగుతూ, నవ్వుతూ, ఏడుస్తూ ఉన్నారు. వాళ్ళకి ఇంకెవరూ గుర్తులేరు.

మా వదిన నా పక్కన నిలబడి చూసింది. "సూసేవా మంగా" అంది. "నిజం సెప్పింది నేను. ఎల్లి పట్టుకున్నది దాన్ని."

"ఏడుస్తున్నావా వదినా?"

"ఏడవక? ఒళ్ళు మండిపోతంది" అంది. అని, గిరుక్కున తిరిగి పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఇంక రాదనుకున్నాను. వచ్చింది. ఎడమచేత్తో కన్నీళ్ళు తుడుచుకుంటూ, కుడిచేతి గుప్పిట మూసుకుని, తిన్నగా ఫ్లెక్సు దాకా నడిచొచ్చింది. చెప్పులు గుమ్మం దగ్గరే విప్పింది, అది మాత్రం మర్చిపోలేదు.

"కదలకండి ఇద్దరూ. తూరుపు తిరగండి" అంది.

వరాలు వెనక్కి తగ్గబోయింది. సత్యశ్రీ దాని భుజం పట్టుకుని తనకి ఆనించుకుని, తలొంచి నిలబడింది. నీలం బ్యాడ్జీ మెడలో వేలాడుతోంది. అన్ని ఊళ్ళ పిల్లలూ, జడ్జీలూ చూస్తుండగా మా వదిన ఉప్పూ మిరపకాయలూ ఇద్దరికీ కలిపి తల నుంచి కాళ్ళ దాకా తిప్పింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అని పైకే అంది. "నా దిష్టి, నా దిష్టి, నా దిష్టి" అని అంతకంటే గట్టిగా అంది. థూ థూ అనిపించింది. తీసుకెళ్ళి సాంబారు పొయ్యిలో పోసింది.

నేను వెనకే వెళ్ళాను. ఉప్పు చిటపటలాడింది. వదిన పొయ్యి ముందు గొంతుక్కూచుని ఊపిరి బిగబట్టి నిప్పుల వైపే చూస్తోంది. ముందు వంటవాడు తుమ్మాడు. తర్వాత నాకు గొంతు పట్టేసింది. ఘాటు పెరడు దాటి, గుమ్మం దాటి లోపలికి పోయింది. హాల్లో ఒకరి తర్వాత ఒకరు దగ్గడం మొదలుపెట్టారు. పిల్లలు దగ్గారు, జడ్జీలు దగ్గారు, సత్యశ్రీ, వరాలు ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని దగ్గారు. మండపమంతా ఒకటే దగ్గు.

మా వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళు ఎర్రగా చేసుకుని దగ్గుతూనే నా వైపు తిరిగింది.

"ఘాటొచ్చింది మంగా!" అంది. "నా కన్ను తగల్లేదు. ఒట్టి ఏడుపేనే, ఒట్టి ఏడుపే."